కాలేజీ ఆటల్లో రక్తం చిందితే: డాక్టరు నుంచి టవళ్లు ఉతికే కుర్రాడి దాకా ఎవరికెంత ముప్పు, ఎవరికెంత రక్షణ

1988 సెప్టెంబరు, సోల్ ఒలింపిక్స్. అమెరికా డైవర్ గ్రెగ్ లుగేనిస్ స్ప్రింగ్‌బోర్డు మీంచి పైకి లేచి, గాల్లో తిరుగుతూ కిందికి వస్తుండగా తల వెళ్లి బోర్డుకే తగిలింది. నెత్తి చిట్లింది. జట్టు డాక్టరు అప్పటికప్పుడు కుట్లు వేశారు. లుగేనిస్ మళ్లీ బోర్డెక్కాడు, మర్నాడు బంగారు పతకం గెలిచాడు. కుట్లు వేసేటప్పుడు ఆ డాక్టరు చేతికి గ్లవ్స్ లేవు. తనకు హెచ్ఐవీ ఉందని లుగేనిస్‌కు అప్పటికే తెలుసు. డాక్టరుకు తెలియదు.

1995లో లుగేనిస్ ఈ సంగతి బయటపెట్టగానే, ఆ పూల్‌లో తర్వాత దూకిన డైవర్ల గతేమిటని జనం గాభరా పడ్డారు. అన్ని లక్షల లీటర్ల క్లోరిన్ నీళ్లలో కలిసిన ఆ కాస్త రక్తంతో ఎవరికీ ఏమీ కాదు. ప్రమాదమంటూ ఉంటే అది వట్టి చేతులతో సూది పట్టుకున్న డాక్టరుకే. అదృష్టవశాత్తూ ఆయనకు పరీక్షలో నెగెటివ్ వచ్చింది.

ఆటలో రక్తం అనగానే మన చూపు ఆటగాళ్ల మీదికే పోతుంది. ఆ రక్తాన్ని ఆపేవాళ్లు, తుడిచేవాళ్లు, ఉతికేవాళ్లు మనకు కనిపించరు. ఈ వ్యాసం వాళ్ల గురించి.

దీని మీద రాయాలనిపించడానికి కారణం మా పిన్ని ఫోన్. వాళ్ల అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చదువుతూ, యూనివర్సిటీ జిమ్‌లో టవళ్ల కౌంటర్ దగ్గర క్యాంపస్ జాబ్‌లో చేరాడు. మొదటిరోజే రక్తం, హెచ్ఐవీ, పచ్చకామెర్ల మీద ఒక క్లాసు పెట్టారు. చివర్లో ఒక కాగితం ఇచ్చి, హెపటైటిస్ బి టీకా వేయించుకుంటావో, వద్దంటావో సంతకం పెట్టమన్నారు. "అదేం ఉద్యోగం నాన్నా, టవళ్లివ్వడానికి ఎయిడ్స్ క్లాసెందుకు?" అని పిన్నికి ఒకటే టెన్షన్. అడగాల్సిన ప్రశ్నే. దానికి ఒక్క మాటలో జవాబు లేదు.

రక్తంతో వచ్చేవి, రానివి

రక్తం ద్వారా సోకే సూక్ష్మజీవులు చాలానే ఉన్నా, ఉద్యోగ భద్రత విషయంలో ముఖ్యంగా లెక్కలోకి వచ్చేవి మూడు వైరస్‌లు: హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ. మొదటి రెండూ కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మూడోది రోగనిరోధక శక్తిని కూలదోస్తుంది.

ఈ వైరస్‌లు ఒంట్లోకి రావాలంటే ఒక దారి కావాలి. సూదిగానీ బ్లేడుగానీ గుచ్చుకోవాలి. లేదా రక్తం చిమ్మి కంట్లోనో, ముక్కులోనో, నోట్లోనో పడాలి. లేదా కోసుకున్న చోట, పగిలిన చర్మం మీద, తామర ఉన్న చోట తగలాలి. చెక్కుచెదరని చర్మం మీద రక్తం పడితే, కడిగేసుకుంటే సరిపోతుంది. ఆ చర్మమే గోడ.

చెమట, కన్నీళ్లు, మూత్రం, వాంతి, మామూలు లాలాజలం ఈ జాబితాలో లేవు, వాటిలో రక్తం కంటికి కనిపిస్తే తప్ప. కాబట్టి చెమటతో తడిసిన టవల్ వేరు, రక్తంతో తడిసిన టవల్ వేరు. క్రీడా సిబ్బందికి మాత్రం ఇంకో ద్రవం ఉంది. మోకాలు వాచినప్పుడు డాక్టరు సిరంజితో లాగే కీళ్ల ద్రవం కూడా నియమం ప్రకారం రక్తంతో సమానమే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. రెజ్లింగ్ గదుల్లో నిజంగా తరచూ కనిపించేవి వేరే జబ్బులు: మందులకు లొంగని స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా పుండ్లు, తామర లాంటి ఫంగస్, చర్మం మీద వచ్చే హెర్పిస్. ఇవి చర్మానికి చర్మం రాసుకుంటే వస్తాయి, వీటికి రక్తం అక్కర్లేదు. మ్యాట్‌లను రోజూ కడగడానికి పెద్ద కారణం ఇవే. రెండు సమస్యలకూ ఒకే బకెట్టు, ఒకే మాపు వాడవచ్చు గానీ, ఒకదాని భయాన్ని ఇంకోదానికి అంటగడితే లెక్క తప్పుతుంది.

వెయ్యి సూదిపోట్ల లెక్క

ముప్పు ఎంతో తెలియాలంటే ఒక ఊహ చేద్దాం. వైరస్ ఉన్న మనిషి రక్తం అంటిన సూది వెయ్యిమందికి గుచ్చుకుందనుకుందాం. ఆ వెయ్యిమందీ టీకా గానీ మందు గానీ తీసుకోలేదు.

ఆ వైరస్ హెచ్ఐవీ అయితే సుమారు ఇద్దరు ముగ్గురికి సోకుతుంది. హెపటైటిస్ సి అయితే పాత అంచనా ప్రకారం 18 మంది దాకా, ఇటీవలి అంచనా ప్రకారం ఇద్దరు. హెపటైటిస్ బి అయితే కనీసం 60 మందికి, ఆ రక్తంలో వైరస్ జోరుగా ఉంటే 300 మంది దాకా సోకవచ్చు.

పిన్నికి ఎయిడ్స్ అనగానే గుండె ఆగినంత పనైంది. అంకెలేమో వేరే దిక్కు చూపిస్తున్నాయి. భయపడాల్సిన వరుసలో హెచ్ఐవీ ముందు లేదు, హెపటైటిస్ బి ఉంది. పైగా హెచ్ఐవీ ఒంటి బయట ఎండిపోయాక త్వరగా బలం కోల్పోతుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. శనివారం మ్యాచ్‌లో పడిన మరక బుధవారం తుడిచేవాడికి కూడా పాత మరక కాదన్నమాట.

ఊరటనిచ్చే సంగతి కూడా హెపటైటిస్ బి దగ్గరే ఉంది. మూడింటిలో టీకా ఉన్నది దానికి ఒక్కదానికే. అమెరికాలో ఆరోగ్య సిబ్బందికి సోకే హెపటైటిస్ బి కేసులు 1983 నుంచి 1995 మధ్య 90 శాతానికి పైగా తగ్గాయి. టీకా, గ్లవ్స్, సూదుల డబ్బాలు కలిసి చేసిన పని అది. ఇక హెచ్ఐవీ విషయానికొస్తే, 1985 నుంచి 2013 వరకు అమెరికాలో పని చేస్తూ సోకినట్టు రుజువైన కేసులు మొత్తం 58. అందులో 1999 తర్వాత వచ్చింది ఒక్కటి.

మైదానం ఆస్పత్రి కాదు కదా?

ఈ అంకెలన్నీ ఆస్పత్రి సూదులవి. మైదానం సంగతి వేరు.

అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రక్తస్రావాలను లెక్కపెట్టి 1995లో అచ్చయిన ఒక అధ్యయనం, ఆటలో హెచ్ఐవీ సోకే అవకాశం 8.5 కోట్ల ఢీకొట్టుళ్లకు ఒకటి కంటే తక్కువ అని తేల్చింది. దాదాపు సున్నా అనుకోవచ్చు.

హెపటైటిస్ బి విషయంలో మాత్రం అలా కొట్టిపారేయలేం. జపాన్‌లో ఒక హైస్కూల్ సుమో క్లబ్బులో పదిమందిలో ఐదుగురికి ఈ వ్యాధి సోకినట్టు 1982లో ఒక నివేదిక వచ్చింది. అదే దేశంలో ఒక యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో 19 నెలల్లో 65 మందిలో 11 మందికి సోకినట్టు 2000లో ఇంకోటి వచ్చింది. స్వీడన్‌లో 1957 నుంచి 1963 దాకా ఓరియెంటీరింగ్ అనే అడవి పరుగు పోటీల వాళ్లలో 568 కేసులు బయటపడ్డాయి. ముళ్లకంపలకు గీరుకుపోయిన కాళ్లను అందరూ ఒకే నీళ్లతో కడుక్కోవడం కారణమై ఉండొచ్చని అనుమానించారు. ఒంటికి నిండుగా బట్టలు తప్పనిసరి చేశాక కేసులు ఆగిపోయాయి.

సిబ్బంది ముప్పు ఈ రెండు లోకాల మధ్య ఉంటుంది. అమెరికా కాలేజీల్లో అథ్లెటిక్ ట్రైనర్ అంటే కసరత్తులు చేయించే జిమ్ ట్రైనర్ కాదు. దెబ్బ తగిలితే ముందు పరుగెత్తుకొచ్చే లైసెన్సున్న ఆరోగ్య నిపుణుడు. ఆ వృత్తిని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1990లోనే గుర్తించింది. వాళ్ల గదిలో బొబ్బలు కోసే బ్లేడు ఉంటుంది, కుట్లకు సాయం ఉంటుంది, షుగర్ ఉన్న ఆటగాడి సూదులుంటాయి. ఈతగాళ్లు, పడవ నడిపేవాళ్లు ఎంత అలసిపోయారో చూడటానికి వేలికి గుచ్చి రక్తపు చుక్క తీసే పరీక్షలు ఇప్పుడు మామూలయ్యాయి. ఒక ప్రాక్టీసులో ఇరవైమందికి వేలు గుచ్చితే ఇరవై చిన్న సూదులు మిగులుతాయి. తడి నేల మీద, స్టాప్‌వాచ్ తొందరలో, ఆ ఇరవైలో ఒకటి ఏ టవల్ మడతలోకో జారిపోవడం పెద్ద వింత కాదు. ముప్పు నిజంగా ఉన్నది అక్కడ.

1991 నాటి నియమం

1991 నవంబరు 7న మ్యాజిక్ జాన్సన్ తనకు హెచ్ఐవీ ఉందని ప్రకటించి బాస్కెట్‌బాల్ నుంచి తప్పుకున్నాడు. సరిగ్గా నెల తిరక్కుండానే, డిసెంబరు 6న, అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా రక్తజ వ్యాధుల నియమాన్ని ప్రకటించింది. ఒకటి రెండోదానికి కారణమని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ నియమం ముసాయిదా 1989లోనే వచ్చింది. కార్మిక సంఘాలు అంతకంటే ముందు నుంచే అడుగుతున్నాయి. వాళ్ల అసలు గోడు కూడా హెచ్ఐవీ ఒక్కటే కాదు, ఏటా వేలమంది ఆస్పత్రి సిబ్బందికి అంటుకుంటున్న హెపటైటిస్ బి.

నియమంలో అన్నిటికీ ఇరుసు ఒకటే మాట. ఉద్యోగంలో భాగంగా రక్తం తగులుతుందని "సహేతుకంగా ఊహించగలిగితే" ఆ ఉద్యోగి దీని కిందికి వస్తాడు. అతని హోదా ఏమిటన్నది కాదు, అతని పనిలో రక్తం ఉందా లేదా అన్నదే ప్రశ్న. టవళ్ల కౌంటర్ కుర్రాడికి క్లాసు ఎందుకు పెట్టారో ఇక్కడ తెలిసిపోతుంది. రక్తం అంటిన టవళ్లు అతని చేతుల మీదుగా పోతాయి.

అలాంటి ఉద్యోగులకు యజమాని చేయాల్సినవి చాలా ఉన్నాయి. రాతపూర్వక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సరిచూడాలి. పనిలో పెట్టేటప్పుడు, తర్వాత ఏడాదికోసారి శిక్షణ ఇవ్వాలి. గ్లవ్స్, కళ్లద్దాలు ఉచితంగా ఇవ్వాలి. పనిలో చేరిన 10 పనిదినాల్లోగా హెపటైటిస్ బి టీకా ఉచితంగా ఇస్తామని చెప్పాలి. వద్దంటే సంతకం తీసుకోవాలి, మనసు మారి తర్వాత అడిగితే అప్పుడైనా ఉచితంగానే వేయించాలి. 2000లో అమెరికా కాంగ్రెస్ సూదిపోట్ల నివారణకు ఇంకో చట్టం తెచ్చింది. దాని తర్వాత, వాడగానే ముడుచుకుపోయే భద్రమైన సూదులను పరిశీలించడం, ఎంపికలో వాటిని వాడే సిబ్బంది మాట వినడం యజమాని బాధ్యతలో చేరాయి.

దీనంతటి వెనకా ఉన్న సూత్రం పేరు సార్వత్రిక జాగ్రత్త. ఎవరి రక్తమైనా సరే, వైరస్ ఉన్నట్టే భావించి మెలగడం. మంచి కుటుంబం కుర్రాడు, మన ఊరి పిల్లాడు అనే లెక్కలు ఇందులో ఉండవు. లుగేనిస్‌కు కుట్లు వేసిన డాక్టరు కూడా సొంత జట్టు డాక్టరే.

ఒక రెజ్లింగ్ సాయంత్రం, ఆరుగురు మనుషులు

ఇప్పుడు ఈ నియమాన్ని ఒక సన్నివేశం మీద పెట్టి చూద్దాం. సన్నివేశం కల్పితం, కానీ ఏ వారాంతంలోనైనా జరిగేదే. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో రెజ్లింగ్ పోటీ. ఒకడి మోచేయి ఇంకొకడి ముక్కుకు తగిలింది. మ్యాట్ మీద నాలుగు చుక్కలు, బనీను మీద మరక.

రిఫరీ ఆట ఆపాడు. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ఆట నియమాల ప్రకారం, రక్తం ఆగి గాయం కప్పేదాకా ఆటగాడు ఆడకూడదు. చిత్రమేమిటంటే, ఈ రిఫరీ మామూలుగా ఆ కాలేజీ ఉద్యోగి కాదు, ఆ పూటకు కాంట్రాక్టు మీద వచ్చినవాడు. కాలేజీ ప్రణాళికలో అతని పేరు ఉండదు.

అథ్లెటిక్ ట్రైనర్ గ్లవ్స్ వేసుకుని ముక్కులో దూది పెట్టింది. ఈమె విషయంలో ఎవరికీ అనుమానం లేదు, నియమం నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది.

స్టూడెంట్ మేనేజర్ స్ప్రే బాటిల్‌తో వచ్చి మ్యాట్ తుడిచాడు. హెపటైటిస్ బి, హెచ్ఐవీలను చంపుతుందని అనుమతి పొందిన ద్రావణం కావచ్చు, ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపిందీ కావచ్చు. ఏదైనా చల్లిన వెంటనే తుడిచేస్తే పని చేయదు, డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉండాలి. మ్యాచ్ హడావిడిలో సరిగ్గా తప్పిపోయేది ఆ నిమిషాలే. ఇతనికి జీతం ఉంటే అతను ఉద్యోగి, నియమం వర్తిస్తుంది. జట్టు మీద ప్రేమతో ఊరికే చేస్తుంటే అతను ఉద్యోగి కాదు, ఓషాకు అతనితో సంబంధం లేదు. ఇద్దరూ తుడిచేది అదే రక్తం. నాకు ఈ విషయంలో అన్నిటికంటే బాధ కలిగించే చోటు ఇదే.

కోచ్ తన కుర్రాడి గడ్డం పట్టుకుని ముక్కు చూశాడు, చేతికి గ్లవ్స్ లేవు. అతని సంగతి కాసేపట్లో చూద్దాం.

రాత్రి ఊడ్చడానికి వచ్చిన మనిషి చెత్తబుట్ట సంచి మూతి కట్టింది. రక్తం చుక్క అంటిన దూది మామూలు చెత్తలోకే పోవచ్చు, అది తప్పు కాదు. పిండితే రక్తం కారేంత తడిసినదే ప్రత్యేక వ్యర్థం, దానికి ఎర్ర సంచి ఉండాలి. కానీ బొబ్బ కోసిన బ్లేడు ఆ మామూలు సంచిలో పడి ఉంటే, ఆమె దాన్ని తొడకు ఆనించి ఎత్తినప్పుడే అది తెలుస్తుంది. బ్లేడుకూ సూదికీ గట్టి డబ్బా విడిగా ఉండాలని నియమం పట్టుబట్టేది ఇందుకే.

ఆరోవాడు మర్నాడు ఉదయం వస్తాడు. లాండ్రీ గదిలో బనీనులు, టవళ్లు వేరుచేసేది అతనే. రక్తం అంటిన బట్టలను పడిన చోటే సంచిలో కట్టి, గుర్తు పెట్టి పంపాలి, వీలైనంత తక్కువ ముట్టుకోవాలి అని నియమం. నిన్న రాత్రి అది జరిగిందో లేదో అతనికి తెలిసే దారి ఆ గుర్తు ఒక్కటే. రక్తం పడటం అతను చూడలేదు.

కోచ్ లెక్కలోకి వస్తాడా?

ఇక్కడ కాలేజీలు రెండుగా చీలిపోతాయి.

కొన్ని కాలేజీలు కోచ్‌ల పని ఆట నేర్పడం, ప్రథమచికిత్స వాళ్ల ప్రధాన బాధ్యత కాదు అంటాయి. ఓషా కూడా ఇలాంటి వాళ్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. ప్రథమచికిత్స పక్కపనిగా మాత్రమే ఉన్నవాళ్లకు ముందే టీకా ఇవ్వకుండా, రక్తం చిందిన ఘటనలో సాయం చేసిన తర్వాత 24 గంటల్లోగా టీకా ఇస్తే తప్పుపట్టదు. శిక్షణ, ఘటనను ఆ పూటే రిపోర్టు చేసే పద్ధతి మాత్రం ఉండాలి. పదుల సంఖ్యలో కోచ్‌లు ఉండి, గోల్ఫ్ కోచ్‌కూ టెన్నిస్ కోచ్‌కూ ఏడాదిలో ఒక్కసారి కూడా రక్తం కనిపించని చోట ఈ వాదనలో బలం ఉంది.

ఇంకొన్ని కాలేజీలు కోచ్‌లందరినీ జాబితాలో చేర్చేస్తాయి. వాటి వాదన కూడా గట్టిదే. రెజ్లింగ్ కోచ్ రోజూ మ్యాట్ మీద పిల్లలతో కలబడతాడు. వారానికి ఒకరి ముక్కైనా చిట్లే చోట "ఊహించలేదు" అని అనడం కుదరదు. పైగా వెసులుబాటు సవ్యంగా నడవాలంటే కోచ్ ప్రతి రక్తపు ఘటననూ ఆ పూటే రిపోర్టు చేయాలి. ఓడిపోయిన మ్యాచ్ రాత్రి అది ఎంతమందికి గుర్తుంటుంది?

నా అభిప్రాయంలో ఇది హోదాతో తేలే ప్రశ్న కాదు, ఆటతో తేలేది. రెజ్లింగ్, రగ్బీ, హాకీ కోచ్‌లను గోల్ఫ్ కోచ్‌తో ఒకే గాటన కట్టడం దగ్గరే రెండు పక్షాలూ తప్పటడుగు వేస్తున్నాయి.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే కథ మారుతుంది

పైన రెజ్లింగ్ సన్నివేశాన్ని ప్రైవేటు యూనివర్సిటీలో పెట్టడానికి కారణం ఉంది. ఓషా అధికారం రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద నేరుగా చెల్లదు. స్టేట్ యూనివర్సిటీ ఉద్యోగి రాష్ట్ర ఉద్యోగే. కాలిఫోర్నియా, మిషిగన్, నార్త్ కరొలైనా లాంటి చోట్ల రాష్ట్రాలే ఓషా ఆమోదంతో సొంత భద్రతా వ్యవస్థ నడుపుతాయి. అక్కడ ప్రభుత్వ ఉద్యోగులకూ ఇవే రక్షణలు తప్పనిసరి. దేశంలో దాదాపు సగం రాష్ట్రాలు ఈ కోవలోవి. టెక్సాస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలకు అలాంటి వ్యవస్థ లేదు. టెక్సాస్‌లో ప్రభుత్వ సంస్థల కోసం రక్తజ వ్యాధుల మీద రాష్ట్ర చట్టం విడిగా ఉంది. ఇంకెన్నో చోట్ల యూనివర్సిటీలు సొంతంగా ఓషా పద్ధతినే పాటిస్తాయి.

మన తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివేది స్టేట్ యూనివర్సిటీల్లోనే. అదే లాండ్రీ పని డాలస్ చుట్టుపక్కల చేస్తే ఒక చట్టం, లాస్ ఏంజెలెస్‌లో చేస్తే ఇంకో చట్టం. ఎఫ్-1 వీసా మీద వారానికి 20 గంటలకు మించని క్యాంపస్ పనైనా సరే, జీతం ఉన్నంతవరకు వాళ్లు ఉద్యోగులే. వీసా మూలంగా ఈ రక్షణ తగ్గదు.

మరి ఆటగాళ్లు? వాళ్లు విద్యార్థులు, ఉద్యోగులు కారు అన్నది ఇన్నాళ్ల లెక్క. 2024 ఫిబ్రవరిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ఉద్యోగులేనని కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయ అధికారి తేల్చారు. మార్చిలో వాళ్లు 13-2 ఓట్లతో యూనియన్‌కు మొగ్గారు, ఆ ఏడాది చివరికి ఆ పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఆ తేడా ఎప్పటికైనా చెరిగిపోతే, రక్తం ఆపేవాళ్ల రక్షణ రక్తం చిందేవాళ్లకూ వస్తుందా అన్న ప్రశ్న తలెత్తుతుంది. ప్రస్తుతానికి అది తెరిచే ఉంది.

అందరికీ పరీక్షలు చేసేస్తే పోదా?

ఈ మాట ఎప్పుడూ వినిపిస్తుంది. ఆటగాళ్లందరికీ హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించి, ఉన్నవాళ్లను పక్కన పెడితే సిబ్బందికి నిశ్చింత కదా?

బాక్సింగ్‌లో అదే చేస్తారు. 1996 ఫిబ్రవరిలో హెవీవెయిట్ బాక్సర్ టామీ మోరిసన్‌కు లాస్‌వేగాస్‌లో పోటీకి ముందు చేసిన పరీక్షలో హెచ్ఐవీ అని తేలింది, పోటీ రద్దయింది. వర్జీనియాలో ఒక కరాటే స్కూలు హెచ్ఐవీ ఉన్న పన్నెండేళ్ల పిల్లాడిని కలబడే క్లాసులోకి తీసుకోనంటే, 1999లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ స్కూలును సమర్థించింది. రక్తం తరచూ చిందే ఆటలో నేరుగా ముప్పు ఉందన్నది కోర్టు మాట. పరీక్షలు కావాలనేవాళ్ల ఆధారాలు ఇవి, వీటిని తేలిగ్గా తీసిపారేయలేం.

కాలేజీ క్రీడలు మాత్రం వేరే దారి పట్టాయి. హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ఆటగాడిని ఆపకూడదని, తప్పనిసరి పరీక్షలు వద్దని ఎన్‌సీఏఏ వైద్య మార్గదర్శకాలు చెబుతూ వచ్చాయి. దానికి కారణం జాలి ఒక్కటే కాదు. నిన్న సోకిన వైరస్ ఇవాళ్టి పరీక్షలో కనిపించదు, వారాలు పడుతుంది. ఆగస్టులో నెగెటివ్ వచ్చిన కుర్రాడు నవంబరులోనూ నెగెటివే అన్న హామీ లేదు. ఈలోగా "మా వాళ్లందరికీ నెగెటివే" అన్న ధీమాతో గ్లవ్స్ డబ్బా బీరువాలోకి వెళ్లిపోతుంది. సిబ్బంది భద్రత కోణం నుంచి చూస్తే ఆ ధీమాయే పెద్ద ముప్పు. అమెరికా సుప్రీంకోర్టు 1998లో హెచ్ఐవీని వైకల్య హక్కుల చట్టం కిందికి తెచ్చాక, వేరుచేయాలంటే నిజమైన ముప్పును రుజువు చేయాల్సిన బరువు కూడా కాలేజీ మీద పడుతుంది.

తగిలాక గడిచే గంటలు

ఇంత చేసినా ఒక్కోసారి తగులుతుంది. అప్పుడు అన్నిటికంటే విలువైనది సమయం.

హెచ్ఐవీ సోకకుండా వేసుకునే నివారణ మందుల కోర్సు 28 రోజులు. దాన్ని 72 గంటల్లోగా మొదలుపెట్టాలి, గంటల్లోనే మొదలుపెడితే మరీ మంచిది. టీకా లేనివాళ్లకు హెపటైటిస్ బి విషయంలో టీకాతో పాటు, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు సిద్ధంగా ఉన్న ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అది వీలైతే 24 గంటల్లోపు పడాలి. హెపటైటిస్ సికి ఇలాంటి ముందస్తు మందు లేదు. కానీ ఒకవేళ సోకినా, ఇప్పుడున్న మాత్రలతో 8 నుంచి 12 వారాల్లో 95 శాతానికి పైగా మందికి పూర్తిగా నయమవుతుంది. 1991లో ఈ మాట ఎవరూ అనగలిగేవాళ్లు కాదు.

ఈ వైద్యమంతా యజమాని ఖర్చే. రక్తం ఎవరిదో తెలిస్తే, చట్టం ఒప్పుకున్న మేరకు, వాళ్ల సమ్మతితో పరీక్ష చేయించి ఫలితాన్ని దెబ్బ తగిలిన ఉద్యోగికి చెబుతారు. ఆ ఫలితాన్ని అతను గుట్టుగా ఉంచాలి. కోచ్‌కు గానీ జట్టుకు గానీ తెలియాల్సిన పని లేదు. ఉద్యోగి వైద్య రికార్డులను ఉద్యోగకాలంతో పాటు మరో 30 ఏళ్లు దాచాలి. హెపటైటిస్ కాలేయాన్ని తినేయడానికి దశాబ్దాలు పట్టవచ్చు కాబట్టి అంతకాలం.

మన దేశంలోనూ 2017 నాటి హెచ్ఐవీ చట్టం, పనిలో హెచ్ఐవీ సోకే ముప్పు ఎక్కువగా ఉన్న సంస్థలు సార్వత్రిక జాగ్రత్తలు, శిక్షణ, నివారణ మందులు ఇవ్వాలని చెబుతుంది. 2018 సెప్టెంబరు నుంచి అది అమల్లో ఉంది.

ఆ కాగితం మీద సంతకం

మళ్లీ మా పిన్ని కొడుకు దగ్గరికి. అతని చేతిలో ఉన్న కాగితంలో రెండు గళ్లు: టీకా కావాలి, వద్దు. పక్కన కూర్చున్న అమెరికన్ కుర్రాడు "నాకు చిన్నప్పుడే వేశారు" అని రాసేసి లేచాడు. అది నిజమే అయి ఉంటుంది. అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకూ హెపటైటిస్ బి టీకా వేయాలన్న సిఫారసు 1991లోనే వచ్చింది.

మన దగ్గర కథ వేరు. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసే) హెపటైటిస్ బి టీకాను తయారుచేసింది. దాంతో అప్పటిదాకా ఖరీదైన విదేశీ టీకా ధర సామాన్యుడికి అందేలా దిగివచ్చింది. ప్రభుత్వ కార్యక్రమంలోకి మాత్రం అది మెల్లగా వచ్చింది. 2002లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో మొదలై, 2007-08లో ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. అంటే 2002, 2003లలో పుట్టి ఇప్పుడు ఎమ్మెస్‌కు వెళ్తున్న పిల్లల్లో, ప్రైవేటు ఆస్పత్రిలో డబ్బు కట్టి వేయించుకున్న వాళ్లుంటారు, అసలు వేయించుకోని వాళ్లూ ఉంటారు. చిన్ననాటి టీకా కార్డు ఇంట్లో దొరక్కపోతే, ఒంట్లో రక్షణ ఉందో లేదో ఒక రక్తపరీక్ష చెబుతుంది. ఇప్పటికే వైరస్ ఉందో లేదో చెప్పేది ఇంకో పరీక్ష. 19 నుంచి 59 ఏళ్ల మధ్య పెద్దలందరికీ టీకా వేయాలని 2022 నుంచి, పెద్దలందరికీ జీవితంలో ఒక్కసారైనా హెపటైటిస్ బి పరీక్ష చేయాలని 2023 నుంచి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ కూడా చెబుతోంది.

"వద్దు" గడి మీద సంతకం పెట్టినా ఉద్యోగం పోదు. "కావాలి" అంటే ఇంట్లో జబ్బుందని ఎవరూ అనుకోరు. పాత టీకా మూడు డోసులు, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. 2017లో అనుమతి వచ్చిన కొత్త రకం అయితే నెల వ్యవధిలో రెండే.

పిన్ని రెండు రోజులు అటకంతా వెతికింది. కార్డు దొరకలేదు. అబ్బాయి "కావాలి" అని టిక్కు పెట్టి, మొదటి డోసు వేయించుకుని, మర్నాటి నుంచి కౌంటర్‌లో కూర్చున్నాడు.